దిగకు

డాబాగార్డెన్స్ కొట్లో నాలుగు హెడ్‌సెట్లు
గాజుబల్ల మీద పరిచాడు జగ్గారావు.
"ఇది ఇరవయ్యెనిమిది డెసిబెళ్లు మింగేస్తదండి" అన్నాడు,
ఇంట్లో కుర్రాడి ఆకలి గురించి చెబుతున్నట్టు.
ఇంకోదానికి బ్లూటూత్ ఉంది, నీలం లైటుంది.
పాటలు కూడా వినొచ్చట.

నాకు పాటలొద్దు.
వీపున ఇంజను కట్టుకుని
ఋషికొండ దాటి మంగమారిపేట మీదుగా ఎగిరేవాణ్ణి,
ఒక్క అక్షరం వినబడితే చాలు.

మొన్న ఫిబ్రవరిలో
భీమిలి వైపు నుంచి వచ్చి ఇసుక మీదికి వాలుతున్నాను.
కింద రేడియో పట్టుకున్నది గరికిన నూకాలు.
పడవ మీద ఆరేసిన వల ఎటు ఊగుతోందో చూసి
గాలి మళ్లిందని నాకంటే ముందే తెలుసుకుంది.
"దిగకు" అంది.
నాకు "దిగు" అని వినబడింది.
మధ్యలో 'క'ను ప్రొపెల్లరు తరిగేసింది.

రెండు రెక్కలు విరిగాయి.
నా మోకాలి తోలు కొంత ఇప్పటికీ ఆ ఇసుకలోనే ఉంది.
పరుగున వచ్చి హెల్మెట్ లాగి అడిగింది:
"సెప్పినాను గదా, ఇనబడనేదేటి?"

మన భాషలో వద్దనడం
ఇంత చిన్నదని అప్పటిదాకా ఎరగను.
వెళ్లు, వెళ్లకు. తాకు, తాకకు.
గొంతు అడుగున పుట్టి
గాలి తగలగానే చచ్చే ఒక్క 'క'.

జగ్గారావు నాలుగూ వారం రోజులకు అరువిచ్చాడు,
నా ఆధార్ కార్డు గల్లాపెట్టెలో పెట్టుకుని.

నీలం లైటుది హెల్మెట్‌లో ఇమడలేదు.
పావుగంటకే కణతలకు పట్టకారు.

రెండోది గొంతుకు కట్టుకునే పట్టీ.
నేను మింగిన ప్రతి గుటకా కిందికి చేరింది.
"బయమేస్తందా?" అని అడిగింది నూకాలు.
అది మర్నాడే తిరిగిచ్చేశాను.

మూడోదానికి మీట లేదు,
మాట పడగానే మైకు తనంతట తాను తెరుచుకుంటుంది.
తొట్లకొండకు ఎదురుగా, సముద్రం మీద,
ఆమె చందువ చేప బేరమంతా విన్నాను.
వెయ్యికి పైసా తగ్గనంది.
తగ్గింది.
తొమ్మిదొందలకు జారుతుంటే ఉండబట్టలేక
పైనుంచి "ఇవ్వకు!" అని అరిచాను.
ఆమెకు "ఇవ్వు" అని వినబడిందట.

నాలుగోది బరువు. లైట్లు లేవు,
కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది.
మైకు మీద ఎలకపిల్లంత నల్ల స్పాంజి,
వేలికి కట్టుకునే మీట.
ఇంజను పూర్తిగా ఎక్కించి
పదిసార్లు "దిగకు" అనిపించాను.
తొమ్మిదిసార్లు 'క' బతికింది.

"మరి పదోది?" అన్నాను.
"సావడానికి ఒక్కటి సాలదేటి?" అని
చేతులు చీరకు తుడుచుకుంది.
కాసేపు ఆలోచించి
"అయితే 'లెగు' అంటాను" అంది.
అదీ 'గు'తోనే ముగుస్తుంది కదా అన్నాను.
"పైకి" అని చూశాం. గాలి హోరులో అది ఈలైపోయింది.
చివరికి విసుగొచ్చి,
తెప్పలు అలల్లో తిరగబడేటప్పుడు
వాళ్లమ్మ ఒడ్డున నిలబడి కేకేసే కేక వేసింది:
"ఓలమ్మో!"

ఇంజను దాన్ని కొరకలేకపోయింది.

నాలుగోదే కొన్నాను, జగ్గారావు ముఖం చిన్నబోయినా.
రసీదు వెనక నూకాలు చెప్పినట్టే రాసుకున్నాం:
దిగు అంటే దిగు. ఓలమ్మో అంటే దిగకు.

ఈ ఉదయం మూడొందల అడుగుల మీద ఇంజను ఆపాను.
ఒక్కసారిగా తాళ్ల ఈల, కింద అలల నురగ.
ఎడమ చెవి దొప్ప కొంచెం పైకి జరిపాను.
"దిగు" అంది కుడిచెవిలో.
మరో రెప్పపాటుకు అదే మాట
గాలిలో నడిచి వచ్చి ఎడమచెవిలో పడింది.
ఇద్దరు నూకాలులు,
ఒకరి వెనక ఒకరు.

"దిగు... దిగు."
వంద అడుగులు. దగ్గరవుతున్నారు.
"దిగు, దిగు."
వల నీడ, కుక్క ఒకటి, ఆమె చేతిలో రేడియో.
"దిగు."

కాళ్లకు ఇసుక తగిలింది.